పలచన

గోదారి పొంగి లాంచీల రేవు తుడిచిపెట్టిన ఏడాది సంగతి ఇది.

నేను ఒక కడ్డీని. కారు ఇంజనులో ఆయిలు ఎంతుందో చెప్పేదాన్ని. రేకు సాగదీసి, వంచి, కొసన రెండు గీతలు పెట్టారు. నా చదువు ఆ రెండు గీతలే. పై గీత తడిస్తే నిండు, కింది గీత దిగితే వెలితి. ఆయిలు చిక్కనో పలచనో నాకు తెలీదు. అడిగినవాళ్ళూ లేరు.

మొదట ఓ కంట్రాక్టరు దగ్గరున్నాను. ఆయన నన్ను ఒక్కనాడూ బయటికి తియ్యలేదు. తర్వాత బుల్లిరాజు కారు కొన్నాడు. లాంచీ సరంగు. రేవు పోయాక పెళ్ళాం మంగతాయారుతో రంపచోడవరం వచ్చేశాడు. ఆవిడ బస్టాండులో ఇడ్లీ కొట్టు పెట్టింది. పొద్దున్నే పిండి గిన్నెలు మోయడం కారు పని. ఇంజను ఒళ్ళు వెచ్చబడేలోపే కొట్టు వచ్చేసేది. అంత దగ్గర.

కొట్టు పక్కనే మెకానిక్కు ఇమ్మానుయేలు షెడ్డు.

"సరంగు గారూ, ఈ బండికి పలచటి ఆయిలే పొయ్యాలండి. మీరు తిరిగేది జానెడు దూరం. పొద్దుటి చలికి చిక్కటిది గబుక్కున పైకెక్కదు."

"పోవయ్యా! లాంచీ నడిపినోణ్ణి. చిక్కటిదే పొయ్యి. పలచటిది పోయించుకుంటే నలుగురిలో పలచనైపోతాను."

మనుషులకి చిక్కదనమంటే గౌరవం. పాలయినా, మజ్జిగయినా. నాకు ఏదైనా తడే.

ఇమ్మానుయేలు చిక్కటిదే పోశాడు. చలి ముదిరింది. రోజూ ఇంజను టకటకమంటూ లేచేది. ఆయిలు పైకెక్కలేదని చెప్పే ఎర్రదీపం ఓ పట్టాన ఆరేది కాదు. బుల్లిరాజు నన్ను లాగి చూసేవాడు. "నిండుగానే ఉందిగా" అని మళ్ళీ దోపేసేవాడు.

పుష్యమాసంలో ఓ పొద్దున్న ఇంజను మూలిగి ఊరుకుంది. మంగతాయారు గిన్నెలు నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్ళేసరికి తొలి బస్సు పోయింది. ఇక్కడ బుల్లిరాజు నన్ను లాగాడు. నా కొసంతా మజ్జిగ పూసినట్టు తెల్లగా ఉంది. నన్ను పట్టుకుని బస్టాండుకి పరిగెత్తాడు.

"చూడండర్రా! ఇమ్మానుయేలు ఆయిల్లో నీళ్ళు కలిపాడు!"

"పాలవాడే నయం సరంగూ!" అన్నారెవరో. నవ్వులు.

ఇమ్మానుయేలు బయటికొచ్చాడు. "నేను కలపలేదండి" అన్నాడు. అంతే. షెడ్డులో జీపు పెట్టినాయన ఎత్తిన బానెట్టు మూసి, బండి తీసుకుని వెళ్ళిపోయాడు. నా ఒంటి మీది తెలుపే సాక్ష్యమైపోయింది. నోరు లేదని నేను సిగ్గుపడింది ఆ ఒక్కనాడే.

మంగతాయారు ఇడ్లీ గిన్నె మూత తీసింది. నీళ్ళు బొటబొటా కారాయి.

"ఏవండీ, ఈ మూతకి నీళ్ళు ఎవరు పోశారు?"

బుల్లిరాజు మూత వంక చూశాడు.

"లోపల వేడి, బయట చలి. చెమట పట్టింది. మీ ఇంజనుకీ అంతే. అది కాగేదాకా నడిపితే ఆ చెమ్మ ఆరిపోయేది. మీరు నడిపారా? పైగా చిక్కటి ఆయిలు! అట్టుకి జారు పిండి కావాలని మీకు తెలీదూ? ఇడ్లీ పిండి పెనం మీద పోస్తే పరుచుకుంటుందా? ఇమ్మానుయేలు మొత్తుకున్నది అదేగా!"

బుల్లిరాజు నన్ను కండువాలో చుట్టి చంకలో దాచుకున్నాడు. ఆ రోజంతా ఇద్దరం దాక్కునే ఉన్నాం, నేను గుడ్డలో, ఆయన ఇంట్లో గదిలో.

మర్నాడు తెల్లారగానే గిన్నెలు కారులో పెట్టాడు. మంగతాయారు స్టీరింగు పట్టుకుంటే, వెనకనుంచి తోసుకుంటూ బస్టాండు దాకా తీసుకొచ్చాడు. అందరూ చూస్తున్నారు. మొదటి వాయి దించగానే ప్లేటు పట్టుకుని షెడ్డు ముందు నిలబడ్డాడు.

"తమ్ముడూ, నీళ్ళు నువ్వు కలపలేదు" అన్నాడు, బస్టాండంతా వినబడేలా.

"మరెవరు సరంగూ?" అన్నారెవరో.

"నేనే. నా మొండితనం. ఇమ్మానుయేలూ, పలచటిదే పొయ్యి."

"పలచనైపోతారేమోనండి."

"అయిపోయాన్లే."

ఇమ్మానుయేలు ప్లేటు అందుకోలేదు. కండువాలోంచి నన్ను తీసుకున్నాడు. శుభ్రమైన గుడ్డతో తుడిచి పక్కన పెట్టి, కారు కిందికి దూరాడు. పాత ఆయిలు చిక్కగా, నెమ్మదిగా కారుతోంది. అది చుక్కలై ఆగేదాకా బుల్లిరాజు ప్లేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇడ్లీలు చల్లారిపోయాయి.