ద్వాలికి పట్టుచీర

నలభై అయిదేళ్ళకు అక్షరాలు నేర్చినదాన్ని. ఒత్తులు తప్పితే దిద్దుకొని చదవండి. మెల్లగా రాస్తాను, విసుక్కోకండి. ‘నేను’ అని మొదలుపెడితే చేయి సాగడం లేదు. అందుకని మోతీ అనే రాస్తున్నాను.

ఆ పొద్దున మోతీ భద్రాచలంలోని ఫోటో స్టూడియో ఊడ్చి, కంప్యూటర్ మీద దుమ్ము తుడుస్తుంటే కళ్యాణి వచ్చింది. ద్వాలి కూతురు. ద్వాలి అంటే, మోతీ మొగుడు బిచ్యా సారపాకలో పెట్టుకున్న రెండో ఆడది. బిచ్యా పోయి పన్నెండేళ్ళు. ద్వాలి పోయి ఇంకా నెల కాలేదు.

“పెద్దమ్మా, నువ్వు ఈడ ఊడుస్తవన్నరు. ఫోటోలు గూడ నువ్వే చేస్తవా?”

“ఊడ్చేది నేనే, చేసేది నేనే. జీతం ఊడ్చినదానికే. ఏం గావాలె?”

కళ్యాణి రెండు ఫోటోలు బల్ల మీద పెట్టింది. ఒకటి బిచ్యా పనిచేసిన కాగితం మిల్లు గేటుపాసు ఫోటో. ఇంకొకటి నిలబడి దిగిన ద్వాలి. “ఇద్దర్ని ఒక్కదాంట్ల పెట్టాలె. అమ్మకు పట్టుచీర కట్టాలె.”

మోతీ ఆ రెండు ఫోటోలనూ దగ్గరికి లాక్కుంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో బిచ్యాతో కలిసి ఒక్క ఫోటో దిగలేదు. ఒకసారి అడిగితే, “నీ మొఖానికి ఫోటో గూడనా?” అన్నాడు. తండాలో నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు వినిపించేలా అనేవారు, “ద్వాలికి పండుగ పండుక్కీ చీర కొంటడంట.” అత్త అయితే సూటిగానే అనేది, “మొగుణ్ణి ఇంట్ల ఉంచుకునే తెలివి లేకపాయె నీకు.” ఆ చీరలు ఏ రంగువో, ఎంత అంచువో ఊహించుకుంటూ మోతీ ఎన్ని పిడకలు చేసిందో, ఎన్ని కుండల నీళ్ళు మోసిందో. కళ్ళతో చూడని చీరలే ఆమెను ఎక్కువ కాల్చాయి. ఇప్పుడు చచ్చి కూడా ఆమెకే పట్టుచీర. కట్టాల్సింది తను.

కసితోనే కంప్యూటర్ ముందు కూర్చుంది. పట్టుబట్ట ఫోటో ఒకటి తీసి ద్వాలి ఒంటి మీద పరిచేసింది. భుజం నుంచి పాదం దాకా జరీ గీతలు స్కేలు పెట్టి గీసినట్టు వచ్చాయి. చూసి లోలోపల సంబరపడింది. ఇట్లాగే ఉండు, అట్టముక్కలాగా.

స్టూడియో ఓనరు బాలకృష్ణ వెనక నుంచి తొంగి చూశాడు. “ఇదేంది మోతక్కా, గోడకు పోస్టర్ అంటిచ్చినట్టున్నది? నా దుకాణం పేరు ఖరాబు చేస్తవా?”

చేయడం రాక కాదు. నేత మడతలో పడినప్పుడు జరీ కూడా లోపలికి విరగాలి. కుచ్చిళ్ళ దగ్గర అంచు వంపు తిరగాలి. ఎండ తగిలిన భుజం మీద పట్టు మెరవాలి, చేయి నీడ పడ్డచోట మసకబారాలి. అందుకోసం ఫోటోలో ద్వాలి కట్టుకున్న అసలు చీర నీడలు పైకి తేలేలా పట్టును పలచన చేయాలి. కుడితే తప్ప బట్ట అర్థం కాదంటారు. అద్దాలు, గవ్వలు కుట్టిన చేయి కాబట్టి బాలకృష్ణ చూపిస్తే మోతీకి ఇదంతా జల్దీ పట్టుబడింది.

చెరిపి మళ్ళీ మొదలుపెట్టింది. మడత ఎటు పోతోందో చూద్దామని కొంగును పెద్దది చేసింది. ద్వాలి ఒంటి మీది అసలు చీర చింతపూల రంగుది. కొంగు మీద అరచేయంత మేర పసుపు దారంతో దగ్గర దగ్గరగా వేసిన కుట్లు. నాలుగు నిలువు, ఒకటి అడ్డం.

మోతీ చేయి మౌస్ మీదే ఆగిపోయింది.

ఆ కుట్టు తనది. పెద్దకొడుకు పుట్టినప్పుడు తమ్ముడు పెట్టిన చీర. పొయ్యిలోని నిప్పురవ్వ పడి కాలితే, ఆ రంగు దారం దొరకక పసుపుతో అల్లింది. గోదారి పొంగిన ఏడాది, పిల్లల్ని తీసుకొని బడిలో తలదాచుకొని తిరిగొస్తే పెట్టెలో చీర లేదు. “వరదల కొట్టుకపోయింది,” అన్నాడు బిచ్యా. ఆ చీర కోసం మోతీ మూడు రోజులు ఏడ్చింది.

ముందు ఒళ్ళు భగ్గుమంది. నా చీర కట్టుకొని నవ్వుతోందా! తర్వాత ఆ నవ్వును కూడా పెద్దది చేసి చూసింది. నవ్వు కాదు, ఎండకు ముడుచుకున్న మొహం. మెడలో పూసలు. జాకెట్టు చంకలో చిరుగు. పండుగ పండుక్కీ చీరంటే ఇదేనన్నమాట. ఇద్దరిలో ఎవరికీ బిచ్యా ఒక్క గజం బట్ట కొనలేదు.

మధ్యాహ్నం దాకా లేవకుండా కూర్చుంది. ఒక్కొక్క కుచ్చిలీ విడదీసి పట్టు కట్టింది. తన కుట్టు మీద మాత్రం జరీ పువ్వొకటి నిలిపింది.

సాయంత్రం కళ్యాణి చూసి కళ్ళు తుడుచుకుంది. “నిజంగనే కట్టుకున్నట్టున్నది. మరి నాయినేడి?”

“మీ అమ్మకు చీర కట్టిన. ఆయన్ని పక్కన నిలబెట్టడం నాతోని కాదు. గావాల్నంటే ఇంకో దుకాణానికి పో.”

కళ్యాణి గేటుపాసు ఫోటో తీసి సంచిలో వేసుకుంది. “అమ్మ గూడ వద్దనే అన్నది పెద్దమ్మా. దవాఖానాల పండుకోని, ‘నా పక్కన ఆయన బొమ్మ పెడితే ఊకోను’ అన్నది. భీమ్లా కాకే, నాయిన ఇజ్జత్ పోతదని నన్ను తోలిండు.” భీమ్లా అంటే బిచ్యా తమ్ముడు.

“ఎవరి ముందల అన్నది?”

“అందరి ముందల. కాక ముందల గూడ.”

మోతీ ఫోటోను కవర్లో పెట్టి, పైన ద్వాలి పేరు కూడబలుక్కుంటూ రాసి ఇచ్చింది. ఇంట్లో బిచ్యా ఫోటోకు పన్నెండేళ్ళుగా తను రోజూ బొట్టు పెడుతోంది; వద్దనిపించిన రోజు కూడా ఎవరికీ చెప్పకుండా పెట్టింది. ద్వాలి మాత్రం పదిమందిలో, పడుకున్నచోటి నుంచి ఆ మాట అనేసి పోయింది. మోతీకి మళ్ళీ ద్వాలి మీద కుళ్ళు పుట్టింది. ఈసారి చీర మీద కాదు, ఆ మాట అనగలిగిన ఆమె నోటి మీద.

బానోతు మోతీ, యాభై ఏడేళ్ళు. ఇప్పుడు భద్రాచలంలో ఒక కిరాయి గదిలో ఉంటున్నాను.