ముప్పై మూడు సాళ్లు

సాగర్ కాలువ గట్టు మీద నాగక్క లెక్క చెబుతుంటే ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆమె లెక్కను తప్పుపట్టే ధైర్యం ఆ గుంపులో ఎవరికీ లేదు కూడా.

మిరపతోటలకు కూలీలను తెచ్చే మేస్త్రి ఆమె. భద్రాచలం అడవి అంచు ఊరి నుంచి ఏటా తల్లాడ వైపు మనుషులను తీసుకొచ్చి, కోతలయ్యేదాకా గుడారాల్లో ఉంచి, క్షేమంగా ఇళ్లకు చేర్చేది. ఇరవై ఏళ్లలో ఒక్కరినీ పోగొట్టుకోలేదని ఆమెకు గర్వం. గర్వపడాల్సిన మాటే. ఈ ఏడాది ఆఖరి కోత అయిపోయి మూడు ట్రాలీ ఆటోల్లో ఇంటిదారి పట్టారు. ముందు రెండు వంతెన దాటాయి. మూడోది ఎదురొచ్చిన లారీని తప్పించబోయి కాలువలో పడింది.

నాగక్క మొదటి ఆటో దిగి పరుగెత్తుకొచ్చేసరికే పక్క ఊరి కుర్రాళ్లు తాళ్లు కట్టుకుని నీళ్లలో దిగారు. కాసేపటికి ఫైరింజనూ వచ్చింది. డ్రైవరు ముందే ఈదుకుంటూ గట్టెక్కాడు. మిగతావాళ్లను ఒక్కొక్కరినే లాగి గట్టు మీద పడుకోబెడుతున్నారు. మూటలు, వంటగిన్నెలు కొట్టుకుపోతున్నాయి.

ఫైరింజన్‌తో వచ్చిన ఆఫీసరు వీరన్న ఆమెను పక్కకు పిలిచాడు.

"అమ్మా, ఆటోల ఎంతమంది ఉన్నరు? సరిగ్గ చెప్పు."

"పదకొండు మంది సారూ. డ్రైవర్ గాక."

"ఎక్కేటప్పుడు లెక్కపెట్టినవా?"

పెట్టలేదు. ఆ మాట ఒప్పుకోవడం ఆమెకు నామోషీ అనిపించింది. అసలు ఆమె ఎప్పుడూ తలలు లెక్కపెట్టేది కాదు. పొద్దున్నే తోటలో దిగగానే మనిషికో మిరపమొక్కల సాలు పంచేది. మనుషులు అటూ ఇటూ తిరుగుతారు, సాళ్లు ఎక్కడికీ పోవు. అదీ ఆమె ధీమా.

"పొద్దుగాల ముప్పై మూడు సాళ్లు నడిసినయ్ సారూ, నా సాలు కలుపుకొని. సాళ్ల వరసనే ఎక్కిచ్చిన, ముందు రెండు ఆటోల్ల పదకొండు, పదకొండు. ఇగ దీంట్ల పదకొండే గద ఉండాలె?"

వీరన్న వేళ్ల మీద తీసేసి చూసుకుని, తలాడించాడు.

తొమ్మిదో మనిషి వచ్చింది. పదో మనిషి వచ్చింది. పదకొండో మనిషిగా వనజను తెచ్చి పడుకోబెట్టారు. స్పృహ లేదు. వీపు మీద చరిచి, పొట్ట నొక్కి, నీళ్లు కక్కించేసరికి అందరి పై ప్రాణాలూ పైకే పోయాయి. చివరికి దగ్గింది. గట్టు మీద ఆడవాళ్లంతా ఒక్కసారిగా ఏడ్చేశారు. పదకొండు మందీ బతికారు! నాగక్క ఉన్నచోటే కూలబడి నేలకు దండం పెట్టుకుంది. ఇంత సంతోషం తన బతుకులో ఎన్నడూ ఎరగదు.

"అయితే అయిపోయినట్టేనా అమ్మా?"

"అవ్ సారూ. మీ కడుపులు సల్లగుండ."

కుర్రాళ్లు గట్టెక్కి తాళ్లు చుట్టేశారు. అంబులెన్సు ఎముకలు విరిగిన నలుగురిని ముందు దవాఖానాకు తీసుకుపోయింది; ఊపిరందుకున్న వనజను తర్వాతి విడతకని గట్టు మీదే పడుకోబెట్టారు. మిగతావాళ్లు తడిబట్టలు పిండుకుంటూ కూర్చున్నారు. అలా అరగంట గడిచింది.

వనజ మెల్లగా కళ్లు తెరిచింది. "అక్కా, నోరు ఎండుతాంది. జెరన్ని నీళ్లు."

రెండు నెలలుగా తోటలో ఎవరు నీళ్లడిగినా చేసినట్టే, నాగక్క వెనక్కి తిరిగి కేకేసింది.

"సీతయ్య మామా! జల్దీ నీళ్లు తే!"

ఎవరూ పలకలేదు.

సీతయ్యకు చూపు మందగించి మూడేళ్లయింది. పండుకాయకూ పచ్చికాయకూ తేడా తెలియక సాలు పట్టలేకపోయాడు. ముసలాయన పస్తులుండకూడదని నాగక్కే అతన్ని వెంట తెచ్చి, కోసేవాళ్లకు నీళ్లందించే పనిలో పెట్టింది. రోజంతా సాళ్ల మధ్యే తిరిగేవాడు. అతనికంటూ సాలు లేదు. ఆమె ముప్పై మూడులో అతను లేడు.

"మామ ఏడి? ఏ ఆటో ఎక్కిండు?"

ముందు ఆటోలవాళ్లు తమతో ఎక్కలేదన్నారు. వనజ లేవబోయి మళ్లీ పడిపోయింది. "మా ఎనకాల్నే కూసున్నడక్కా, నీళ్ల డ్రమ్ము పట్టుకొని. ఏడి, తియ్యలే?"

నాగక్క పడుతూ లేస్తూ వీరన్న దగ్గరికి పరుగెత్తింది. తాళ్లు మళ్లీ విప్పారు. వంతెన దిగువన, స్తంభానికి చిక్కుకున్న చెత్తలో సీతయ్య దొరికాడు. గుండె మీద ఎంత నొక్కినా లాభం లేకపోయింది. ఆ అరగంట ఎవరి పాపమో నాగక్కకు ఎవరూ చెప్పక్కర్లేదు. తన మాట నమ్మే తాళ్లు చుట్టారు. మామ కాళ్ల మీద పడి, గుండెలు బాదుకుని ఏడ్చింది.

వీరన్న వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. అతను తిట్టినా బాగుండేది.

"అమ్మా, ఇంకెవరన్నా ఉన్నరా లోపల?"

ముప్పై నాలుగు అని నోటిదాకా వచ్చింది. ముప్పై నాలుగు మాత్రం ఎలా నమ్మేది? దారిలో ఎవరైనా చెయ్యెత్తి ఎక్కారేమో. పిల్లలెవరైనా ఒళ్లో ఉన్నారేమో. ఇన్నేళ్లూ మనుషులను చూడకుండానే లెక్క చెప్పిన ఆడది, ఇప్పుడు గట్టు మీదున్న ఒక్కొక్కరినీ కళ్లు చికిలించి చూసింది.

"నాకు తెల్వది సారూ," అంది. "తాళ్లు చుట్టకున్రి."