సగం వేగంలో తమ్ముడి కాలు

ఫుట్‌బాల్ లీగ్ ఆఫీసులో మూడో అంతస్తు గది. ఆటలో మొరటుగా దెబ్బ కొట్టినవాళ్లకి శిక్ష వేసేది అక్కడే. వేసేది ముగ్గురు పెద్దమనుషులు. వాళ్లకి చూపించే వీడియో ముక్కలు సిద్ధం చేసేది అన్న. తొమ్మిదేళ్లుగా అదే ఉద్యోగం. ఈరోజు బోనులో ఉన్నది సొంత తమ్ముడు కనక ఆ క్లిప్ పక్క సీటావిడ చేసింది. ఆటగాడి వెంట ఇంటిమనిషి ఒకరు కూర్చోవచ్చు కాబట్టి అన్న అలా వచ్చాడు.

తమ్ముడికి ముప్ఫై రెండేళ్లు. చిన్న క్లబ్బులో డిఫెండర్. సీజన్లో మిగిలినవి ఏడు మ్యాచ్‌లు, కాంట్రాక్టూ అంతవరకే. ఏడింటికీ వేటు పడిందా, ఇక వాణ్ణి పిలిచే నాథుడుండడు.

తెర మీద తమ్ముడి కాలు సగం వేగంలో లేచింది. తీరిగ్గా ఆలోచించుకుని మరీ అవతలివాడి చీలమండ మీద దిగినట్టుంది. నిజానికి అదంతా రెప్పపాటు వ్యవహారం. బంతి కోసం వెళ్లాడు, ఆలస్యమైంది, అంతే.

అన్నకి ఒళ్లు మండిపోయింది. పోయిన వారం ఇదే గదిలో బంగారుకొండ కేసు నడిచింది. బంగారుకొండంటే పెద్ద క్లబ్బు ముద్దుబిడ్డ. అతని మొహం చూసే టికెట్లు తెగుతాయి.

"ఇదెక్కడి న్యాయం సార్? బంగారుకొండ కాలికింద పడ్డవాడు ఇంకా కర్ర పట్టుకునే నడుస్తున్నాడు. అతనికి ఒక్క మ్యాచా? అతనిది మామూలు వేగంలో చూసి, మావాడిది సాగదీసి చూస్తారా?"

ముగ్గురిలో అధ్యక్షుడు కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆయనకి కోపం కూడా రాలేదు.

"మీరు పంపిందే మేం చూస్తామయ్యా. మామూలు వేగంలో పంపిందెవరు?"

ఆ ప్రశ్న వస్తుందని ఈ అన్న మహానుభావుడికి తట్టనేలేదు!

"నేనే" అన్నాడు.

ఎవరో చెయ్యమన్నారా అంటే, చేరిన కొత్తలో పైనుంచి ఒకే ఒక్క ఫోను. "పెద్ద క్లబ్బులవి గొడవ లేకుండా పంపించు" అన్నారు. ఆ తర్వాత ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. పక్క సీటావిడకి పని నేర్పిందీ ఇతనే.

ఏడు మ్యాచ్‌లకీ వేటు వేశారు.

వరండాలోకి వచ్చాక తమ్ముడు ఆగాడు.

"ఎన్నాళ్ల నించి అన్నా ఇది?"

"మొదట్నించీరా."

"పోయిన నెల ఎవడో గోల్‌కీపర్‌కి ఆరు మ్యాచ్‌లు పడితే, మనింట్లో కూర్చుని నవ్వుకున్నాం. వాడిదీ సగం వేగమేనా?"

"ఊఁ."

"ఇవాళ నా కుర్చీలో వాడే ఉంటే లేచి అడిగేవాడివా?"

అడిగేవాణ్ణని చెప్పేద్దామని అన్నకి నోటిదాకా వచ్చింది. తమ్ముడు రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

"లేదురా" అన్నాడు.

తమ్ముడు లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.