నోరీన్ కుర్చీ ఇవ్వం

నోరీన్ సగ్డెన్‌ను పూడ్చిపెట్టిన మర్నాడే కంపెనీ వ్యాను ఆమె గుమ్మం ముందు ఆగింది. చక్రాల కుర్చీ వెనక్కి పట్టుకుపోవడానికి!

బతికుండగా ఆ వ్యాను రాలేదు. సీటు ఒరుసుకుని పుండు పడింది, కుషన్ మార్చండని ఏడాదిపాటు ఫోన్లు చేసింది నోరీన్. "వరుసలో ఉన్నారు" అన్నారు. పుండు కుళ్లి, రక్తం విషమై చచ్చిపోయింది. సొమ్ము ప్రజలది. కుర్చీలిచ్చి బాగుచేసే కంట్రాక్టు కంపెనీది. కనిపెట్టి చూడాల్సిన ఆరోగ్య బోర్డు కళ్లు మూసుకుంది.

నోరీన్ అక్క బెరిల్ గుమ్మానికి అడ్డం నిలబడింది. హార్ల్‌బెక్ ఊరి మిల్లు వీధుల్లోని కుర్చీల వాళ్లం వ్యాను చుట్టూ చేరాం. నేనూ కుర్చీ మనిషినే.

"టైర్లలో గాలి తీసెయ్యండ్రా!" అరిచాడు డెస్మండ్, ఒకప్పటి బస్సు డ్రైవరు, ఇప్పుడు నాలాగే కుర్చీలో.

"నన్నంటారేంటయ్యా?" అన్నాడు వ్యాను నడిపే గ్యారీ. "కంపెనీవాళ్లు సామాన్లు కొనరు, మనుషుల్ని పెట్టరు. ముగ్గురి పని నేనొక్కణ్ణే చేస్తున్నా. ఈ మధ్యాహ్నమే టౌన్‌హాల్లో బోర్డు కంట్రాక్టు మళ్లీ వాళ్లకే ఇచ్చేస్తోంది, తెలుసా?"

మాకెవరూ చెప్పలేదు.

"అయితే మా కోపం నీమీద కాదు. దిగు, మాతో రా" అన్నాను.

గ్యారీ ఇంజను ఆపాడు. తాళం జేబులో వేసుకుని దిగాడు.

వానలో నడిరోడ్డు మీదే వెళ్లాం. ముందు నోరీన్ ఖాళీ కుర్చీ. తోస్తున్నది బెరిల్. బస్సులు మా వెనకే పాకుతూ వచ్చాయి.

టౌన్‌హాల్ మెట్ల పక్కనున్న వాలుదారి ఎక్కి మీటింగు గదిదాకా వెళ్లాం. బోర్డు అధ్యక్షుడు పెంబర్టన్ టీ కప్పు కింద పెట్టాడు. "ప్రశ్నలుంటే ముందుగా పంపించాలండీ."

"మా చెల్లి ఏడాది ముందునుంచీ అడిగింది. ఇంకెంత ముందుగా?" అంది బెరిల్.

"చాలా విచారకరం. అయినా ఆ కంపెనీ పనితీరు తృప్తికరంగానే..."

"ఎవరికయ్యా తృప్తి? ఎవర్నడిగావ్?" గద్దించాడు డెస్మండ్.

గ్యారీ ముందుకొచ్చాడు. "మా షెడ్డులో బాగుచెయ్యని కుర్చీలు గుట్టలు పడున్నాయి సార్. ఒక్కసారైనా వచ్చి చూశారా?"

పెంబర్టన్ కలం తీసి కంట్రాక్టు కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు.

"సంతకం ఆపు. ఇకనుంచి మమ్మల్నడిగే కంట్రాక్టివ్వాలి. సరిగా చెయ్యనివాణ్ణి తీసేసే హక్కు మాకుండాలి" అన్నాను. గుమ్మంలోనే అందరం బ్రేకులు బిగించాం.

పోలీసులొచ్చారు. మా కుర్చీలు ఎక్కే బండి వాళ్ల దగ్గర లేదు. నడవగలిగిన బెరిల్‌నూ గ్యారీనీ ఈడ్చుకుపోయారు.

"కదలకండి! ఒక్కరు కూడా కదలకండి!" మెట్లు దిగుతూనే అరిచింది బెరిల్.

కదల్లేదు. సాయంత్రానికి పక్క ఊళ్లనుంచి కూడా కుర్చీలొచ్చాయి, ఊతకర్రలొచ్చాయి, కుర్చీల్లో ఉన్న పిల్లల్ని తోసుకుంటూ తల్లులొచ్చారు. మెట్ల కింద వీధి నిండిపోయింది. పెంబర్టన్ కలానికి మూత పెట్టాడు.

"సరే, వచ్చేవారం మాట్లాడదాం."

"వచ్చేవారం కాదు, ఇప్పుడే" అన్నాను. "ముందు మావాళ్లిద్దర్నీ వదిలెయ్యమను. తర్వాత షెడ్డుకు పద, ఆ గుట్టలు నీ కళ్లతో చూడు. నువ్వు ముందు నడు, మేమంతా నీ వెనకే వస్తాం."