ఒక లైను ఖాళీ

మా వదినా నేనూ పదకొండేళ్లు కలిసి ఒక బ్లాగు రాశాం. చిరిగిన బట్టలు బాగుచేసుకోవడం గురించి. వదిన రఫూ పనిలో ఆరితేరిన మనిషి. చిరుగు ఎక్కడ ఉండేదో ఆ చొక్కా తొడుక్కునేవాళ్లకే తెలియకుండా దారాలు అల్లేసేది. నాది మామూలు టైలరింగు. కుట్లు విప్పడం, వదులు చేయడం, గుండీలు కుట్టడం నా వంతు. చదివేవాళ్లు రెండు మూడు వందల మంది కంటే ఎక్కువ ఉండేవాళ్లు కాదు గానీ, వాళ్లు మాత్రం ఇంటి మనుషుల్లాగా ఉండేవాళ్లు.

రాయడంలో మాకొక పద్ధతి ఉండేది. మొదలు వదినది, ముగింపు నాది. ఊళ్లో ఆ చివర వాళ్ల ఇల్లు, ఈ చివర మా ఇల్లు. పొద్దున అన్నయ్య ఆఫీసుకి వెళ్లగానే ఎనిమిదిన్నరకి వదిన కంప్యూటర్ ముందు కూర్చుని సగం రాసి వదిలేసేది. నేను దేవుడి దగ్గర కూర్చుని లేచాక, మా ఇంట్లో అదే డ్రాఫ్టు తెరిచేదాన్ని. ఫోన్లు చేసుకునేవాళ్లం కాదు. ఆవిడ రాసినదాని కింద రెండు లైన్లు ఖాళీ ఉంటే నా వంతు వచ్చిందని గుర్తు. ఒక్క లైనే ఖాళీ ఉంటే ఇంకా ఆవిడ పని అవలేదని గుర్తు. అప్పుడు నేను ముట్టుకోకూడదు.

ఈ పద్ధతి ఊరికే రాలేదు. మొదటి ఏడాది ఒకసారి ఆవిడ సగంలో ఉండగా నేను తొందరపడి ముగించి పోస్టు చేసేశాను. ఆ సాయంత్రం వదిన మా ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, “ఏమే మరదలా, నోట్లో ముద్ద ఉండగానే కంచం తీసేస్తావా?” అంది. నవ్వుతూనే అంది గానీ, కళ్లలో నవ్వు లేదు. ఆ తర్వాత మళ్లీ ఎన్నడూ నేను ఆ తప్పు చేయలేదు.

వదిన పోయి ఎనిమిది నెలలయింది. ఆవిడ ఆఖరి డ్రాఫ్టు అలాగే ఉండిపోయింది. మోచేతి దగ్గర చిరిగిన చొక్కాని రఫూ చేయడం గురించి. చివరి మాటలు ఇవి: “చిరుగు కనపడగానే మూసేద్దామని తొందరపడకూడదు. చుట్టూ గట్టి దారం ఎక్కడుందో ముందు వేలితో తడిమి చూసుకోవాలి. అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఆ తర్వాత బట్ట తిరగేసి”

అక్కడ ఆగిపోయింది. దాని కింద ఒక్క లైను ఖాళీ.

బ్లాగు రాసుకునే తెర మీద కిందికి బాణం మీట నొక్కితే, అక్షరాల పక్కన మెరిసే గీత ఒకసారి కిందికి దిగి ఆగిపోయేది. రెండోసారి నొక్కినా దిగేది కాదు. ఎనిమిది నెలలు, రోజూ పొద్దున తెరిచి, ఒకసారి నొక్కి చూసి, మూసేసేదాన్ని. అది రాయడం కాదు, చదవడమూ కాదు. పక్కింటావిడ లేచిందా లేదా అని కిటికీలోంచి చూడటం లాంటిది.

అంతలో మా బ్లాగుకి చోటిచ్చిన కంపెనీవాళ్లు ఆ తెర మార్చేశారు. ఒక పొద్దున తెరిచేసరికి తెల్లకాగితం లాంటి పెట్టె పోయి, ఎక్కడ చూసినా గుండ్రాలు, బాణాలు, మూసి ఉన్న సొరుగులు. పేరా రాస్తే అదొక డబ్బా అయి కూర్చుంటుంది. పైన ఎర్ర అక్షరాలతో ఒక ప్రకటన: పాత తెరలో రాసినవి దాచిన చోటు శుక్రవారంతో మూతపడుతుంది, అప్పటికి పోస్టు చేయని డ్రాఫ్టులు ఉండవు.

మా సాటి బ్లాగర్లు గగ్గోలు పెట్టారు. అందరం కబుర్లు చెప్పుకునే పేజీ ఒకటి ఉంది. అక్కడ ఒకటే గోల.

“మనం ఊరెళ్లి వచ్చేలోపు ఎవరో వచ్చి వంటింట్లో డబ్బాలన్నీ సర్దేసినట్టుంది. ఉప్పు కోసం గంట వెతికాను” అని రైలు టీచరమ్మ రాసింది. ఆవిడ రోజూ బడికి వెళ్లే రైల్లో కూర్చుని బ్లాగు రాస్తుంది.

“మీకు ఉప్పు దొరికింది, అదృష్టవంతులు. నాకు వంటిల్లే కనపడట్లేదు” అన్నాడు పెరటి మొక్కల గురించి రాసే మొక్కలాయన. “అడిగామా? వాళ్లని మనలో ఎవరైనా అడిగామా? ఇన్నేళ్లు గట్టిగా ఉన్న కుర్చీకి కాళ్లు పీకి, చక్రాలు పెట్టారు. కూర్చుంటే జారిపోతోంది.”

“పైగా ఖాళీ లైను వదలనివ్వదు చూశారా? నేను వదులుతాను, అది తీసేస్తుంది. నేను వదులుతాను, అది తీసేస్తుంది. దాంతో ఏడుపెంకులాట ఆడుతున్నాను” అంది టీచరమ్మ.

ఆ మాట చదివి నేను గతుక్కుమన్నాను.

వెంటనే వదిన డ్రాఫ్టుని కొత్త తెరలో తెరిచాను. “బట్ట తిరగేసి” అన్న మాటతో డబ్బా మూసుకుపోయింది. బాణం మీట నొక్కాను. గీత కదల్లేదు. ఎనిమిది నెలలు కాపాడుకున్న ఆ ఒక్క లైనూ లేదు.

అది చాలదన్నట్టు, తెర పైన కుడి మూల రెండు చిన్న గుండ్రాలు కనపడ్డాయి. ఒకదానిలో నా కత్తెర బొమ్మ. రెండోదానిలో నీలం గుండీ బొమ్మ. పక్కన చిన్న అక్షరాలు: ఇద్దరు ఈ డ్రాఫ్టులో ఉన్నారు.

నీలం గుండీ వదిన పెట్టుకున్న బొమ్మ.

కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. పది గంటలకి ఆ గుండీ తెర మీద నుంచి మాయమైంది. మర్నాడు ఎనిమిదిన్నరకి మళ్లీ వచ్చింది. పదింటికి మళ్లీ పోయింది. వదిన రాసుకునే వేళ కూడా అదే.

సహాయానికి ఇచ్చిన నంబరుకి ఫోన్ చేశాను. ఒక అమ్మాయి పలికింది. గొంతు మంచిది, ఓపిక కూడా ఉంది.

“అది కొత్తగా పెట్టిందండీ. ఒకే డ్రాఫ్టుని ఇద్దరు తెరిస్తే ఇద్దరి గుర్తులూ చూపిస్తుంది. పాతదానిలో చూపించేది కాదు.”

“అంటే అమ్మా, పాతదానిలో కూడా ఉండి ఉండొచ్చు, మాకు కనపడలేదు, అంతేనా?”

“అవునండీ. ఆవిడ కంప్యూటర్‌లో ఆ పేజీ తెరిచి ఉండిపోయి ఉంటుంది. ఎవరు ఆవిడ?”

“మా వదిన.”

“అయితే ఆవిడ్ని ఒకసారి మూసేయమని చెప్పండి, పోతుంది.”

“సరేనమ్మా” అని, ఇంకో సంగతి అడిగాను. “ఖాళీ లైను పెట్టుకోవడానికి ఏమైనా దారి ఉందా?”

“లేదండీ. కొత్తదానిలో ఖాళీ లైన్లు ఉండవు. మీరు పెట్టినా తీసేస్తుంది. పేజీ నీట్‌గా ఉండాలని అలా చేశారు.”

ఆదివారం అన్నయ్య ఇంటికి వెళ్లాను. వదిన కంప్యూటర్ ఎక్కడుందని అడిగాను. అన్నయ్య బీరువా తెరిచి చూపించాడు. వదిన కుట్టిన గుడ్డ సంచిలో ఉంది. సంచి మీద దుమ్ము కదలకుండా ఉంది.

“బ్యాటరీ ఉబ్బిపోతే రిపేరాయన పీకేశాడే. నాలుగు నెలలయింది. అది ఇప్పుడు కూరలు తరుక్కోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఏం, ఎందుకు?”

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అన్నయ్య నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. మంచం అంచున కూర్చుని అరచేతులు చూసుకున్నాడు.

“శుక్రవారం దాటితే అది పోతుందా?”

“పోతుంది. ఇవి వదిన ఆఖరి మాటలు అన్నయ్యా. పూర్తిచేసి పోస్టు చేస్తేనే నిలుస్తాయి. కానీ నా వంతు రాలేదు. ఒక్క లైనే వదిలింది.”

“ఆవిడ బతికున్నప్పుడే నా మాట వినలేదు, ఇప్పుడు నువ్వు నన్నడిగి ఏం లాభం?” అన్నాడు. మళ్లీ తనే, “పూర్తి చెయ్యవే. సగంలో ఉన్న పని చూస్తే మీ వదినకి నిద్రపట్టేది కాదు” అన్నాడు.

“నాకు రఫూ రాదు కదా. తిరగేసిన తర్వాత ఏం చెయ్యాలో నాకేం తెలుసు?”

అన్నయ్య లేచి వెళ్లి, బీరువా అడుగు అర నుంచి ఒక చొక్కా తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. తనదే, బూడిద రంగు చొక్కా. మోచేతి దగ్గర సగం అల్లిన రఫూ. అందులో సూది ఇంకా గుచ్చే ఉంది, దారంతో సహా.

“ఇది చేస్తూనే అది రాసింది. నేనే ఎవరినీ ముట్టుకోనివ్వలేదు” అన్నాడు.

శుక్రవారం పొద్దున దేవుడి ముందు మామూలు కంటే ఎక్కువసేపు కూర్చున్నాను. నాకు పెద్ద ప్రశ్నలు వేయడం రాదు. చనిపోయినవాళ్లు నీ దగ్గర సుఖంగా ఉంటారని చిన్నప్పటి నుంచి విన్నాను స్వామీ, నమ్మాను కూడా, మరి సుఖంగా ఉన్న మనిషికి మోచేతి చిరుగుతో ఏం పని, అని మాత్రం అడిగాను. జవాబు రాలేదు. అడిగిన ప్రతిదానికీ జవాబు ఇవ్వాలని ఆయనకి మాత్రం ఏముంది.

ఎనిమిదిన్నరకి తెర తెరిచాను. నీలం గుండీ అప్పటికే వచ్చి ఉంది.

అన్నయ్య ఇచ్చిన చొక్కా తిరగేసి వెలుతురు దగ్గర పెట్టాను. పైనుంచి చూస్తే గుడ్డా రఫూ ఒకటే. లోపలి నుంచి చూస్తే ఆవిడ చేసినదంతా తెలుస్తోంది. ముడి అన్నది ఎక్కడా లేదు. అల్లిక అంచుకి వచ్చి వెనక్కి తిరిగే ప్రతిచోటా దారాన్ని బిగించకుండా, గోరంత వదులు ఉంగరంలా వదిలింది. ఉతికినప్పుడు దారం ముడుచుకుంటుంది. బిగించి ఉంటే గుడ్డని లాగి మళ్లీ చింపుతుంది. వదులుంటే ముడుచుకోవడానికి చోటుంటుంది. పదకొండేళ్లు కలిసి రాసినా నాకు తెలియని సంగతి.

అదే రాశాను. “బట్ట తిరగేసి” తర్వాత నుంచి ఏడు వాక్యాలు. నా సొంత మాట ఒక్కటీ వేయలేదు. చేత్తో తడిమి తెలుసుకున్నది మాత్రమే రాశాను. రాస్తున్నంతసేపూ గుండీ కదల్లేదు. ఎవరో భుజం వెనక నిలబడి, ఊపిరి బిగబట్టి చదువుతున్నట్టు మెడ మీద చల్లగా ఉంది. కిటికీ మూసే ఉంది. నేను లేచి చూశాను.

చివరి మాట రాసి, “వదినా, క్షమించు. కంచం తీస్తున్నాను” అని పైకే అని, పోస్టు చేశాను.

గుండీ పోయింది. గడియారం చూస్తే తొమ్మిదీ పది. పదింటి దాకా ఉండేది, ఈ రోజు ముందే వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి మాటలు రావడం మొదలైంది. “ఇది మీ వదినగారి చెయ్యే, నాకు తెలుసు” అని టీచరమ్మ రాసింది. మొక్కలాయన, “ఎక్కడ ఆవిడ ఆగిందో, ఎక్కడ మీరు అందుకున్నారో మూడుసార్లు చదివినా పట్టుకోలేకపోయాను” అన్నాడు. అది చదివి వంటింట్లోకి వెళ్లి కొంచెంసేపు ఏడ్చాను. సాయంత్రానికి ఆ పాత చోటు మూతపడింది. పోవాల్సినవి పోయాయి, వదిన మాటలు నిలిచాయి. ఆ రాత్రి ఎనిమిది నెలల తర్వాత కలత లేకుండా నిద్రపోయాను.

శనివారం పొద్దున, మొక్కలాయన చెప్పిన ఒక అచ్చుతప్పు దిద్దుదామని ఆ పోస్టు తెరిచాను. తప్పు దిద్దాను. చెయ్యి పాత అలవాటు కొద్దీ బాణం మీట మీద పడింది.

నేను రాసిన చివరి వాక్యం కింద గీత ఒకసారి దిగింది.

మళ్లీ నొక్కాను. దిగలేదు.

ఒక్క లైను. నేను పెట్టింది కాదు. నేను పెట్టినా ఆ తెర ఉంచదు. చేత్తో చెరిపేశాను. గీత పైకి వచ్చింది. నేను చూస్తుండగానే మళ్లీ కిందికి దిగి, అక్కడ ఆగి, మెరుస్తూ నిలబడింది. పైన కుడి మూల నీలం గుండీ ఉంది.

సహాయం అమ్మాయికి ఫోన్ చేశాను. పోస్టు నంబరు చెప్పాను. అవతల మీటల చప్పుడు వినపడింది.

“మా దగ్గర ఖాళీ లైనేమీ కనపడట్లేదండీ” అంది. తర్వాత నెమ్మదిగా, “మీరు ఒక్కరే ఉన్నారు అందులో. ఇంకెవరూ లేరు” అంది.

ఫోన్ పెట్టేసి చొక్కా ఒళ్లోకి తీసుకున్నాను. ఆ పొద్దున సూది తీసి, మిగిలిన అల్లిక నేనే పూర్తిచేసి అన్నయ్యకి ఇచ్చేద్దామనుకున్నాను. దారం చివర పట్టుకున్నదాన్ని వదిలేశాను. సూది ఉన్నచోటే ఉంచి, చొక్కా మడతపెట్టి, కంప్యూటర్ పక్కన పెట్టాను. కుర్చీ కొంచెం పక్కకి జరిపాను.

మా ఆయన కాఫీ గ్లాసుతో వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

“ఏమోయ్, పోస్టు అయిపోయిందన్నావు కదా. ఇవాళ కొత్తదేదీ మొదలుపెట్టవా?”

“నా వంతు రాలేదండీ” అన్నాను.

ఆయన నవ్వబోయి, తెర వైపు చూశారు. పక్కకి జరిపిన కుర్చీ వైపు చూశారు. గ్లాసు అక్కడే బల్ల మీద పెట్టి, చప్పుడు చేయకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయారు.