పొడవూ పన్నా చూసి కొన్న ఇల్లు

సూరత్‌లో నేను ముప్పై రెండేళ్లుగా గ్రే బట్ట అమ్ముతున్నాను. గ్రే అంటే ఇంకా రంగు అద్దకానికి పోని, మగ్గం దిగిన పచ్చి బట్ట. దాన్ని రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపితే చాలు, ఎన్ని పోగుల బట్టో, నేసినవాడు ఆ పూట భార్యతో పోట్లాడి వచ్చాడో లేదో చెప్పగలను. అలాంటివాణ్ని ఒక బండి కొనడంలో బోల్తా పడ్డాను. ఎలా పడ్డానో నేనే రాసి పెడుతున్నాను. ఎందుకంటే మా హౌసింగ్ సొసైటీ సెక్రటరీ శ్యాంసుందర్ ఊరంతా చెబుతున్న లెక్క తప్పు.

మా ఆవిడ ప్రమీల పెళ్లయి ఇక్కడికి వచ్చి ఇరవై ఆరేళ్లు. ఈ ఇరవై ఆరేళ్లలో ఆమె చేసిన ప్రయాణాలు పద్దెనిమిది. పదకొండు పెళ్లిళ్లు, ఆరు చావులు, ఒక కోర్టు వాయిదా. అన్నీ సొంతూరు సిరిసిల్లకే. మొదటి పన్నెండేళ్లు మా గోదాములో కూర్చుని తాకాలు మడతపెట్టింది. తాకా అంటే మా లెక్కలో నూటపది మీటర్ల బట్ట. ఆమె చేతుల మీదుగా ఎన్ని వేల తాకాలు పోయాయో నేను లెక్కగట్టలేదు. లెక్కగడితే కూలి ఇవ్వాల్సి వస్తుంది.

మూడేళ్ల కిందట మా అమ్మాయి నవత ఫోన్‌లో కచ్ తెల్ల ఎడారి ఫొటో చూపించింది.

“ఇదేంది, గ్రే బట్ట పరిచినట్టుంది?” అంది ప్రమీల.

“ఉప్పు, మమ్మీ. కిలోమీటర్ల కొద్దీ ఉప్పే.”

“దీన్ని ఎవ్వరు మడతవెడతరు?”

“ఎవ్వరూ పెట్టరు.”

“అయితే నేను చూడాలె,” అంది ప్రమీల.

మొదటి దీపావళికి చూద్దామన్నాను. రెండో దీపావళికీ అదే మాట అన్నాను. అడ్డం డబ్బు కాదు, మా అమ్మ వెంకటవ్వ. ఆమెకు ఎనభై రెండేళ్లు. బయటి తిండి ముట్టదు. పరాయి పాయఖానాలో అడుగు పెట్టదు. గంటకోసారి పోకుండా ఉండలేదు. ఆమెను ఇంట్లో వదిలి పోలేము, హోటల్‌కు తీసుకుపోలేము.

ఈసారి నవరాత్రులు ముగిసిన మర్నాడు ప్రమీల అన్నం వడ్డిస్తూ చెప్పింది.

“కింది ఇంటి భాగ్యలక్ష్మి వాళ్లు దీపావళి తెల్లారి బస్సు కట్టుకొని కచ్‌కు పోతున్నరు. నేను గూడ పోత. పది దినాలు. మీ అమ్మను నువ్వు చూస్కో.”

“పది దినాలా? అమ్మకు స్నానం ఎవరు పోస్తరు?”

“కొడుకువి కాదా?”

ఆ రాత్రి నేను కాగితం తీసుకుని పది రోజులకు వంటమనిషి, ఆయమ్మ, నాకు బయటి తిండి, దానివల్ల పాడయ్యే నా కడుపు, అన్నీ వేశాను. చివరి అంకె చూసి కాగితం చింపేశాను. అప్పుడు నవత ఇంటిబండి సంగతి చెప్పింది. లోపలే పొయ్యి, మంచాలు, పాయఖానా. అమ్మ ఇల్లు కదలకుండానే ఇల్లు కదులుతుంది.

“కిరాయికి తీస్కుందాం డాడీ,” అంది నవత.

కిరాయి ఇచ్చిన డబ్బు తిరిగి రాదు. కొంటే పది రోజులు మనం తిరగొచ్చు, మిగతా మూడు వందల యాభై ఐదు రోజులు మనమే ఇంకొకరికి కిరాయికి ఇవ్వొచ్చు. కొంటున్నానని ప్రమీలకు మాటిచ్చాను. ఆమె బస్సులో తన సీటు వదులుకుంది.

“ఈసారి గూడ ఆగితే మళ్ల అడుగ,” అంది. గొంతు పెంచకుండా అంది. ప్రమీల గొంతు పెంచితే నాకు భయం లేదు.

మొదటి బండి భేస్తాన్‌లో చూశాం. కొత్తది, ఇరవై రెండు లక్షలు. లోపల టీవీ, నీలం దీపాలు, సోఫా. అమ్మ తిన్నగా పాయఖానా తలుపు తీసింది. లోపలికి పోయాక తలుపు మూసుకోలేదు.

“సోమిగా, ఇది పాయఖానానా, బీరువానా?”

“మాజీ, ఫోల్డింగ్ హై,” అన్నాడు అమ్మే కుర్రవాడు.

“ఏమంటడు?”

“మడతవెట్టచ్చట అమ్మా.”

“ఎవర్ని, నన్నా?”

రెండోది పల్సానా దగ్గర ఒక మిల్లు యజమానిది. పాత బస్సును ఇల్లుగా మార్చాడు. తొమ్మిది లక్షలే. దాని పాయఖానాలో అమ్మ చేతులు చాచి నిలబడి, “ఇండ్ల కాపురం జెయ్యచ్చు,” అంది. కానీ వంటగది బండి వెనక బయటికి తెరుచుకుంటుంది.

“వండాలంటే రోడ్డు మీద నిలవడాలె,” అంది ప్రమీల. “వండేది నేను, రుచి చెప్పేది లారీ డ్రైవర్లు.”

లీటరు డీజిల్‌కు నాలుగు కిలోమీటర్లు పోతుందట. చౌక బర్రె గడ్డి ఎక్కువ తింటుంది. వద్దన్నాను.

మూడో చోటు మా పర్వత్ పాటియాలోనే. పాతబండ్ల దలాలు కనుభాయ్ దగ్గర ఒకే రకం బండ్లు రెండున్నాయి. ఒకటి మామూలు కప్పుది, పదిహేనున్నర లక్షలు; రెండోది కప్పు లేపి కట్టింది, పదహారున్నర. ప్రమీల మామూలు దాంట్లోకి ఎక్కి, పొయ్యి ముందు నిలబడి, గిన్నె పెట్టినట్టు, మూత తీసినట్టు, ఉప్పు అందుకున్నట్టు చేతులు ఆడించి చూసింది. అమ్మ పాయఖానాలోకి పోయి తలుపు వేసుకుని, లోపలి నుంచే “మంచిగుంది” అని అరిచింది.

“ఇది చాలు,” అంది ప్రమీల.

అసలు బేరం అప్పుడు మొదలైంది. నేను కిటికీ పరదా పట్టుకున్నాను.

“శేఠ్, ఇంపోర్టెడ్ కాపడ్ ఛే,” అన్నాడు కనుభాయ్. విదేశీ బట్టట.

జేబులోంచి పోగులు లెక్కపెట్టే భూతద్దం తీశాను. అడ్డంగా ఒక పోగు తప్పిన గీత, దాని పక్కనే ఇంకొకటి. నాకు నా బిడ్డ ముఖం ఎంత తెలుసో ఆ గీత అంత తెలుసు. అది మాకు నేసిచ్చే ఏడో నంబరు మగ్గం జబ్బు. రెండేళ్ల కిందట ఆ సరుకంతా సెకండ్స్ కింద నేనే తెగనమ్మాను.

“కనుభాయ్, ఈ విదేశం మా గోదాము వెనక సందులో ఉంది,” అన్నాను హిందీలో.

ఆయన ముఖం వాడిపోయింది. ఆ ఒక్క గీత మీద ధరను పద్నాలుగుంపావుకు దించాను. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ బేరంలో గెలిచినవాడికి ఇంకొంచెం ఆకలి పుడుతుంది.

“ఇదే ధరకు ఎత్తు కప్పుది ఇస్తావా?”

కనుభాయ్ రెండు నిమిషాలు గొణిగి, సరేనన్నాడు. తొమ్మిదడుగుల ఏడంగుళాలు. మామూలు దానికన్నా అడుగు ఎక్కువ, పైసా ఎక్కువ కాదు. తాకా కొంటే పది మీటర్లు కొసరు వచ్చినట్టు.

“మనింట్ల ఐదున్నర దాటినోళ్లు ఎవ్వరున్నరు?” అంది ప్రమీల.

“ఊకె వచ్చేదాన్ని ఎందుకిడుస్త?”

డబ్బు కట్టేముందు నేను చేయాల్సిన పని పద్ధతిగా చేశాను. ఇంటికి పోయి టేపుతో మా సొసైటీలో బండి నిలిపే జాగా కొలిచాను. ఇరవై నాలుగు అడుగుల పొడవు. బండి ఇరవై ఒకటి. గేటు పన్నా కొలిచాను. పన్నా అంటే అడ్డం, వెడల్పు. పదడుగులు. బండి ఏడు. రెండు పక్కలా ఒకటిన్నర అడుగు మిగులుతుంది. ఒకటికి రెండుసార్లు కొలిచి, టేపు చుట్టి జేబులో వేసుకున్నాను.

ఇక్కడ నన్ను నవ్వే ముందు ఒక్క మాట వినండి. ముప్పై రెండేళ్లుగా నేను కొలిచింది బట్ట. బట్టకు పొడవు ఉంటుంది, పన్నా ఉంటుంది. మూడోది ఉండదు.

ధన్‌తేరస్ నాటి పొద్దున బండి వచ్చింది. గుజరాత్‌లో ఆ రోజు కొన్నది కలిసి వస్తుందంటారు. నా పథకం ఏమిటంటే, బండి మూడు రోజులు సొసైటీలో నిలబడాలి, అందరూ చూడాలి, కిరాయి అడిగేవాళ్లు అడగాలి. దీపావళి లక్ష్మీపూజ అయ్యాక బయల్దేరాలి. ఆ మూడు రోజుల్లో మార్కెట్లో నాకు ఇంకా అరవై తాకాల సరుకు పంపాల్సి ఉంది.

అమ్మ ఇంకో పథకం వేసింది. “ఇల్లు గాదా? పాలు పొంగియ్యకుండ ఇంట్ల కాలు వెడతరా?” అంది. అందుకని సొసైటీ బయట రోడ్డు మీదే అమ్మ, ప్రమీల, నవత పసుపు, కుంకుమ, పాలగిన్నెతో బండి ఎక్కారు. ఇంట్లోని బొంతలు, బియ్యం, పచ్చళ్ల జాడీలు కూడా అప్పుడే ఎక్కించారు. పొయ్యి వెలిగించారు. బండి గేటు దాటి లోపలికి వచ్చేసరికి పాలు పొంగాలని లెక్క. నడిపేది నవత. దానికి లైసెన్సు ఉంది. నేను గేటు లోపల నిలబడి, పక్కలు చూస్తూ, “రానీ, రానీ” అంటున్నాను. నిజంగానే రెండు పక్కలా ఒకటిన్నర అడుగు మిగిలింది.

పైన గర్రుమని చప్పుడైంది.

మా గేటు మీద ఒక కమాను ఉంది. దాని మీద మా నాన్న రాజమల్లు పేరు ఉంది. రెండేళ్ల కిందట నేనే కట్టించాను. మేస్త్రి పన్నెండడుగుల ఎత్తు అన్నాడు. సిమెంటు, ఇనుము లెక్క చూసి నేను తొమ్మిదికి దించాను. సామాన్ల టెంపోలు ఎట్లా వస్తాయని శ్యాంసుందర్ అప్పుడే అడిగాడు. టెంపోవాడు బయట దించి మోసుకొస్తాడు, మనకేం పోయింది అన్నాను.

ఇప్పుడు శ్యాంసుందర్ చేతులు కట్టుకుని వచ్చాడు.

“ఏం సోమలింగం సేటూ, సామాను బయట దించి మోసుకొస్తవా?”

“ఏడంగుళాలే శ్యామన్నా. కమాను కింది దిక్కు జర చెక్కితే...”

“కమిటీకి దరఖాస్తు వెట్టు. దీపావళి ఎల్లినంక మీటింగ్ ఉంటది.”

బండి కిటికీలోంచి అమ్మ తల బయటికి వచ్చింది. “ఎవడ్రా చెక్కేది? మీ అయ్య పేరు మీద సుత్తె వడితే నేను ఈ బండి దిగ!”

“మరి బండిని ఏం చెయ్యాలె అమ్మా?”

“నాకేం ఎర్క? కొన్నది నువ్వు.”

వెనక రోడ్డు మీద ఆటోలు, టెంపోలు ఆగిపోయాయి. హారన్లు మొదలయ్యాయి. బండి లోపలికి రాదు. రోడ్డు మీద నిలిపితే మునిసిపాలిటీ వాళ్లు ఎత్తుకుపోతారు. కనుభాయ్ వెనక్కి తీసుకోడు, తీసుకున్నా లక్ష కోస్తాడు. అయినా ఇవ్వక తప్పదనిపించింది.

“నవతా, కనుభాయ్ దగ్గరికి తిప్పు,” అన్నాను. “మామూలు కప్పుది ఉన్నదేమో అడుగుదాం. లేకపోతే వచ్చే ఏడు...”

ఆ మాట నోట్లోంచి రాగానే ప్రమీల బండి తలుపు దగ్గరికి వచ్చింది. చేతిలో గరిటె ఉంది. ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

“ఏమయ్యా, బండి ఎందుకు కొన్నం?”

“నీకు ఎర్కలేదా?”

“బయటికి పోనీకి కొన్నం. బయటికి పోయే బండి లోపలికి రాకపోతే ఏమాయె?”

లోపల పాలు పొంగి పొయ్యి మీద పడి చుయ్‌మన్నాయి.

“పొంగినయ్!” అంది అమ్మ. “ఎటు దిక్కు పొంగినయో చూడు ప్రమీలా.”

ప్రమీల తొంగి చూసింది. “రోడ్డు దిక్కు అత్తా.”

“అయితే ఇగ నడువుమను.”

నవత బండి వెనక్కి తీసింది. కమాను నుంచి చారెడు సున్నం నా నెత్తిన రాలింది. బండి రోడ్డు మీదికి తిరిగి, హైవే ఎక్కే కామ్రేజ్ వైపు ముఖం పెట్టి ఆగింది.

“ఇయ్యాల్నా? అరవై తాకాలు పంపాలె! లక్ష్మీపూజ ఉంది!” అన్నాను.

“డాడీ, ఎక్కుతున్నవా లేదా? పీఛే లైన్ లగ్ గయీ హై. వెనక బండ్లన్నీ ఆగినయ్.”

అరవై తాకాల లాభం నా కళ్ల ముందే ఉంది. ఒక వేలికి ఒక అంకె చొప్పున అంతా తెలుసు. బండి తలుపు దగ్గర ప్రమీల నిలబడి ఉంది. ఆమె నన్ను రమ్మనలేదు. తలుపు మాత్రం మూయలేదు. ఆ తలుపుకు ఎంత వెయ్యాలో ముప్పై రెండేళ్లలో నేను నేర్చుకున్న ఏ లెక్కలోనూ లేదు. పరుగెత్తి ఎక్కాను. చెప్పులు రోడ్డు మీదే ఉండిపోయాయి. తర్వాత శ్యాంసుందర్ ఆ చెప్పుల ఫొటో తీసి సొసైటీ గ్రూపులో పెట్టాడు.

సరుకు సంగతి గోదాములో మహేశ్‌కు ఫోన్‌లో చెప్పాను. నలభై తాకాలు పంపాడు, ఇరవై మిగిలిపోయాయి. లక్ష్మీపూజ పాలగిన్నె ముందే చేసుకున్నాం. దారిలో ప్రతి వంతెన కిందా నలుగురం తలలు వంచాం. పదహారడుగుల వంతెన కింద కూడా అమ్మ తల వంచింది. “నీ లెక్కల మీద నాకు నమ్మకం లేదు,” అంది.

తీరిగ్గా పోయి నాలుగో నాటి సాయంత్రం కచ్ తెల్ల ఎడారి చేరాం. ఉప్పు ఇంకా పూర్తిగా ఆరలేదు. ప్రమీల చెప్పులు విడిచి దాని మీదికి నడిచింది. నేను వెనక పోయి, వంగి, ఉప్పును చిటికెడు తీసి రెండు వేళ్ల మధ్య నలిపాను.

“ఎట్లుంది?” అంది ఆమె, నా వైపు చూడకుండా.

“సరుకు మంచిదే.”

“పన్నా ఎంతుంటది?”

అటూ ఇటూ చూశాను. టేపు బండిలో ఉంది. తీసుకురావడానికి పోలేదు.

శ్యాంసుందర్ నాకు మూడు లక్షల నష్టమని చెబుతున్నాడట. నష్టం ఇరవై తాకాలు, ఒక జత చెప్పులు, అర లీటరు పాలు. బండి ఇప్పుడు పల్సానాలో ఒక మిల్లు ఆవరణలో ఉంటోంది, జాగాకు నెలకు రెండు వేలు కిరాయి కడుతున్నాను. కొసరు వచ్చిన ఆ అడుగు ఎత్తులో అమ్మ బొంతలు పెట్టుకుంది. ఇంతే లెక్క.

ఆ సాయంత్రం మాత్రం చాలాసేపు అక్కడే ఉన్నాం. చీకటి పడుతుండగా బండి తలుపులోంచి అమ్మ కేక వేసింది.

“ప్రమీలా! చూసింది చాలు. ఇగ మడతవెట్టి రాండ్రి, ఆకలైతుంది!”

“ఇది మడతకు రాదత్తా,” అని ప్రమీల అక్కడే ఉప్పు మీద కూర్చుంది.