రెండు తాళాల షట్టరు

కుట్టుసంఘం గదికి షట్టరు ఒక్కటే, తాళాలు మాత్రం రెండు, ఒకే ఇంటి తోడికోడళ్లవి. ఎడమ చివరి తాళం పెద్దకోడలిది, కుడి చివరిది చిన్నకోడలిది. ఇద్దరూ వస్తేగానీ షట్టరు పైకి లేవదు. ఒకసారి బడిపిల్లల యూనిఫారం గుడ్డ తానులు మాయమైనప్పుడు సభ్యులంతా కూర్చుని పెట్టుకున్న నిబంధన అది. తాళంచెవి ఒక్కరోజుకైనా మరో చేతికి వెళ్లకూడదు. దాన్ని శాశ్వతంగా తీసుకునే మనిషి దొరికేదాకా తాళంచెవి ఉన్నామె పని మానకూడదు. అప్పటికి చిన్నకోడలు కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. తాళంచెవి చేతిలో పెడితే తనకేదో మర్యాద చేశారనుకుని మురిసిపోయింది.

"నిబంధన అంటే ఏమిటక్కా?" అని ఆ రోజు తోడికోడలిని అడిగింది కూడా.

"అందరం ఒక మాట అనుకుని, మళ్లీ మాట మార్చకుండా ఉండటం," అంది పెద్దకోడలు.

వినడానికి బాగానే ఉంది. కానీ ఆ మాట సంఘం గదిలో ఉండిపోలేదు, వాళ్ల వెంటే ఇంటికొచ్చింది. అత్తగారు రెండోసారి టీ అడిగితే, "నిబంధన ఒప్పుకోదత్తయ్యా," అని పెద్దకోడలు నవ్వేది. బావగారు చెప్పులతో వంటింట్లో అడుగుపెడితే నిబంధన. పిల్లలు ఆటలో తొండి చేస్తే నిబంధన. చిన్నకోడలు పుట్టింటికి వెళ్తానంటే మాత్రం ఎవరూ నవ్వేవారు కాదు. "మరి షట్టరు?" అనేవారు. జ్వరమొచ్చిన రోజు కూడా ఆమె ఒళ్లు ఈడ్చుకుంటూ వెళ్లి, తాళం తీసి, ఇంటికొచ్చి పడుకునేది.

ఇప్పుడు బజారులోని రెడీమేడ్ దుకాణం వాళ్లు ఆమెకు కటింగ్ నేర్పి పనిలో పెట్టుకుంటామన్నారు. సోమవారం చేరాలి, అదీ సంఘం షట్టరు తీసే వేళకే. సంఘంలో ఆమె చేతికొచ్చేవి కాలర్లే. గుడ్డ మీద సుద్దతో గీత గీసి, ఆ గీత వెంట కత్తెర నడపాలని ఆమెకు ఎన్నాళ్లుగానో ఆశ.

శనివారం సమావేశంలో లేచి నిలబడింది. "ఈ తాళంచెవి ఎవరైనా తీసుకోండి. నేను వెళ్తాను."

"వెళ్లు తల్లీ, నీలాంటిది పైకి రావాలి," అంది కాజాలు కుట్టే ఆమె. "నేనే తీసుకుందును గానీ, మా ఆయన సంగతి తెలుసుగా. పొద్దున్నే ఆయన్ని నిద్రలేపడమే నాకో ఉద్యోగం."

"నాకు మోకాళ్లు," అంది ఇస్త్రీ చేసే పెద్దావిడ.

"మోకాళ్లతో తాళం తీస్తావా పిన్నీ?" అన్నారెవరో. గదంతా నవ్వింది. నవ్వయ్యాక ఎవరి మిషను మీదకు వాళ్లు వంగారు.

చిన్నకోడలు కూర్చోలేదు. "పోనీ నిబంధన మారుద్దాం. వారానికొకరు వంతు వేసుకుందాం."

"మార్చేస్తే అది నిబంధనెలా అవుతుందే అమ్మాయ్?" అంది పెద్దావిడ.

"ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి."

తనే ముందు ఎత్తింది. ఎవరూ కదల్లేదు. ఆమె చెయ్యి దించబోతుండగా గోడ పక్క నుంచి మరో చెయ్యి లేచింది. అది పెద్దకోడలిది. ఆ మాటను ఇంటా బయటా అరగదీసిన మనిషి చెయ్యెత్తిందేమిటని అందరూ అటే చూశారు. రెండు చేతులతో ఏమీ మారలేదు.

ఇంటికి నడుస్తుండగా చిన్నకోడలు అడిగింది. "నువ్వెందుకెత్తావక్కా?"

"మా అమ్మ పక్కన నాలుగు రోజులు పడుకుని ఎన్నేళ్లయిందో నీకు తెలుసా?"

"ఎప్పుడూ నిబంధన, నిబంధన అని నవ్వుతూనే అనేదానివిగా."

"ఏడుస్తూ అనమంటావా?" పెద్దకోడలు నడక తగ్గించింది. "నువ్వు ఒక్కరోజు రాకుండా ఉంటే నేనూ ఇంటికి పోవచ్చుగదా అని చూసిన పొద్దులున్నాయి. నువ్వేమో జ్వరంతో కూడా వచ్చేదానివి."

"నువ్వు నాకోసం ఎదురుచూస్తుంటావనే వచ్చేదాన్నక్కా."

"తెలుసు."

"సోమవారం రాకపోతే?"

"రాకు. షట్టరు లేవదు. యూనిఫారాలు ఆగితే బడివాళ్లు పని ఇంకొకరికిస్తారు. నేను నిన్ను ఒక్క మాట అనను. అనేవాళ్లకు నేను దొరుకుతాను."

సోమవారం చిన్నకోడలు ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని బయల్దేరింది. సందు చివర ఒక దారి బజారుకు, ఒక దారి సంఘానికి. అక్కడే నిలబడిపోయింది. దుకాణం మేనేజరు ఫోన్ చేశాడు.

"ఇంకా రాలేదేమమ్మా?"

"రాలేనండీ. మా సంఘంలో ఒక నిబంధన ఉంది."

"అలాంటిది ఎవరు పెట్టారమ్మా?"

"మేమే పెట్టుకున్నామండీ."

"అయితే మీరే తీసేసుకోవచ్చుగా," అని నవ్వాడాయన.

ఆమె ఫోన్ సంచిలో వేసుకుని సంఘం దారి పట్టింది. ఎడమ తాళం అప్పటికే తీసి ఉంది. పెద్దకోడలు ఆమె కట్టుకున్న చీర చూసి తల తిప్పుకుంది.

"అదుగో, వచ్చేసింది మా బంగారం," అంటూ కాజాలామె మెట్టు మీంచి లేచి, ఆమెకు దారిచ్చింది.